వేలాడని వైరు

మా కారు డాష్‌బోర్డు మీద చిన్న ఇంజను బొమ్మ ఒకటి ఉంది. అది వెలగకపోతే బండి కులాసా. వెలిగితే లోపల ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ ఏడు అది పసుపుపచ్చగా వెలిగింది. డాక్టరు వచ్చి ఒక సెన్సరు మార్చి ఆర్పాడు. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి మళ్ళీ వెలిగింది. డాక్టరు మళ్ళీ వచ్చి, ఈసారి ఇంకా మంచి కంపెనీ సెన్సరు వేశాడు. అదీ కొన్నాళ్ళే.

డాక్టరంటే మెకానిక్కే. మెడలో స్టెతస్కోపు వేసుకుని ఇంజను గుండె వింటాడు కాబట్టి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు నిజం డాక్టరే అనుకుని మోకాళ్ళు చూపించారు. అతను వంగి చూసి, "గ్రీజు అయిపోయిందమ్మా" అన్నాడు. తర్వాత చూపించుకున్న అసలు డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పి, నీళ్ళలో నడవమన్నాడు. దాంతో అత్తగారు ఊళ్ళో ఉన్న ఈత కొలనులో నడక మొదలుపెట్టారు. బకెట్టు నిండా నీళ్ళు చూసినా భయపడే మనిషి, రొమ్ములోతు నీళ్ళలో రాణిగారిలా అటూ ఇటూ నడిచి వచ్చి, ఆ పూటంతా మోకాళ్ళ ఊసెత్తకుండా ఉండేవారు. ఆవిడని అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది మామగారు. ఆ పాత కారులోనే.

కారు మా పెళ్ళి అయిన ఏడు కొన్నారు. నాకూ దానికీ ఆ ఇంట్లో సమాన హోదా. నా కంటే దానికే సర్వీసింగులు ఎక్కువ జరిగాయి.

మా ఇల్లు రోడ్డు కంటే బాగా ఎత్తు. గేటు దగ్గర్నుంచి వరండా పక్కనున్న షెడ్డు దాకా సిమెంటు ర్యాంపు ఉంటుంది. వంటగది కిటికీలోంచి చూస్తే ఆ ర్యాంపు తప్ప ఇంకేమీ కనబడదు. కట్టినవాళ్ళు నాకోసం వదిలిన ప్రపంచం అంతే. కాబట్టి ఆ ర్యాంపు మీద జరిగే సమస్త విషయాలకీ నేనే సాక్షిని.

ఒకరోజు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుండగా, కొలను నుంచి వచ్చిన కారు ర్యాంపు ఎక్కుతూ సగంలో గుటుక్కుమంది. తర్వాత నెమ్మదిగా కిందికి జారింది. మామగారు బ్రేకు మీద ఎక్కి నిలబడినంత పని చేశారు గానీ, ముందు బంపరు గేటు స్తంభాన్ని ముద్దాడకుండా ఆగలేదు. వెనక సీట్లో తడి తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్న అత్తగారు, "ఏమండీ, ఇల్లు అటుందండీ" అన్నారు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన బంపరు చూశాడు.

"ఏమైంది నాన్నా?"

"ఇంజను దానంతటదే ఆగిపోయిందిరా. లైటూ వెలిగింది."

"క్లచ్ గబుక్కున వదిలేసి ఉంటారు. ఇంజను ఆగాక లైట్లన్నీ వెలుగుతాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు..."

సామెత పూర్తి చేయలేదు. తెలుగువాళ్ళ సామెతల్లో ఉన్న సుఖమే అది, సగం చెప్తే చాలు, మిగతా సగం వినేవాడే పొడుచుకుంటాడు. మామగారు కాఫీ కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఇలా ఒక్కసారి కాదు, తరచూ జరిగింది. విచిత్రం ఏమిటంటే, మామగారు నడిపితేనే జరిగేది. మా ఆయన అదే కారు వరసగా ఆఫీసుకి తీసుకెళ్ళాడు. ట్రాఫిక్కులో, ఎండలో, వానలో, ఫ్లైఓవర్ల మీద. ఒక్కసారీ ఆగలేదు. డాక్టరు తన షెడ్డుకి తీసుకెళ్ళి ఊరంతా తిప్పాడు. పిల్లిలా ఉంది. అతని దగ్గర కోడ్లు చదివే డబ్బా ఒకటి ఉంది. అది ప్రతిసారీ ఒకే మాట చెప్పేది: ఇంజను తిరుగుడు చూసే సెన్సరు పలకడం లేదు. డాక్టరు సెన్సరు తీసి పరీక్షిస్తే బంగారంలా పలికేది. "నా సర్వీసులో ఇలాంటి మొండి పేషెంటుని చూడలేదు" అన్నాడు, బాధగా కంటే కొంచెం గర్వంగానే.

మరి తేడా ఎక్కడుంది? బండి అదే, రోడ్డు అదే, సెన్సరు కొత్తది. మారేది నడిపే మనిషి ఒక్కడే. ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. అందరూ లోపల చేసేశారు. అందరికంటే ముందు చేసింది మామగారే.

ఆయన టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా చేరి ఇన్‌స్పెక్టరుగా దిగిన మనిషి. ఏ తీగ ఏ స్తంభం మీదుగా ఎవరింటికి వెళ్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారట. అలాంటి ఆయన గ్యాసు కట్టేశానా అని వెళ్ళి చూసి, వచ్చి కూర్చుని, మళ్ళీ వెళ్ళి చూడడం మొదలుపెట్టారు. వాకిట్లో చెప్పులు విప్పి, విప్పిన చోటుని కాసేపు నిలబడి చూసేవారు, జ్ఞాపకం పెట్టుకుంటున్నట్టు. పొద్దున్న నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అమ్మాయ్, నేను టాబ్లెట్ వేసుకున్నానా?" అని అడిగేవారు.

"వేసుకున్నారు మామయ్యగారూ. నా కళ్ళముందే."

"ఊఁ. వేసుకునే ఉంటాను." ఆ మాట ఆయన నన్ను నమ్మి అనేవారు, తనని నమ్మి కాదు.

ఒకరోజు కారు తాళం తీసుకొచ్చి హాల్లో మేకుకి తగిలించారు. అంతకుముందు అది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది, నిద్రపోయేటప్పుడు తప్ప. అత్తగారు కొలను సంచీ మడిచి బీరువాలో పెట్టేశారు. "నీళ్ళు చల్లగా ఉంటున్నాయిలే" అన్నారు. మర్నాటి నుంచి గోడ పట్టుకుని నడవడం మొదలైంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. భయపడిన మగవాడు ఏదో ఒకటి అమ్మేస్తాడు. పాత బళ్ళు కొనేవాడితో మాట్లాడాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడట.

"ఈ వయసులో రిస్కెందుకు?" అన్నాడు నాతో. "ఇవాళ గేటు స్తంభం. రేపు మనిషైతే?"

ఎదురు చెప్పడానికి కారణం లేకపోతే నేను గిన్నెలు తోముతాను. ఆ కిటికీ ముందే తోముతాను కాబట్టి, ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి కారు ర్యాంపు ఎక్కించడం చూశాను. ముక్కు ముందు పెట్టి జుయ్యిమని ఎక్కించి, షెడ్డులో గోడకేసి మొహం పెట్టి ఆపాడు. పొద్దున వెళ్ళేటప్పుడు మెల్లగా వెనక్కి దిగుతాడు.

మామగారు అలా పెట్టరు. ఎన్నేళ్ళుగా చూస్తున్నానో, చూసి చూసి చూడటం మానేశాను. ఆయన గేటు ముందు ఆగి, బండి తిప్పుకుని, రివర్సులో ర్యాంపు ఎక్కిస్తారు. బండి మొహం ఎప్పుడూ వీధివైపే ఉండాలి. ఉద్యోగంలో అబ్బిన అలవాటు. గాలివానకి లైను తెగిందని కబురొస్తే, జీపు తిప్పుకుంటూ కూర్చోడానికి వీల్లేదు. ఎక్కితే పోవడమే.

గిన్నె చేతిలోనే ఉండిపోయింది. కుళాయి నీళ్ళు అందులో నిండి పొంగిపోతున్నాయి.

ఇంజను ఆగిన ప్రతిసారీ బండి వెనక్కి ఎక్కుతోంది. ఒక్కసారి కూడా ముందుకి ఎక్కుతూ ఆగలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అత్తగారు గేటు దగ్గరే దిగి నడిచి వచ్చిన రోజుల్లో బండి ఆగలేదు. ఆవిడ వెనక సీట్లో ఉండగానే ఆగింది. ఈ రెండో సంగతి మాత్రం ఎవరితోనైనా చెప్పేముందు బాగా ఆలోచించుకోవాలనిపించింది.

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. ఆ చదువు ఇంతవరకు ఫ్యూజు వైరు వేయడానికి తప్ప పనికి రాలేదు. అయినా ప్రయోగం అంటే ఏమిటో మర్చిపోలేదు. అన్నీ ఒకేలా ఉంచి ఒక్కటి మార్చాలి. ఇక్కడ అలవాటు అలాగే ఉంచి, మనిషిని మార్చాలి.

శనివారం మా ఆయనతో కుండీల కొట్టుకి వెళ్ళాను. మట్టి బస్తాలు, ఎరువు బస్తాలు డిక్కీ కిందికి కుంగేదాకా వేయించాను.

"ఇన్నెందుకు? పొలం కొన్నావా?" అన్నాడు.

"గులాబీలు పెడదామని. మీరే కదా ఇంట్లో పచ్చదనం లేదంటారు."

గేటు దగ్గరికి వచ్చాక, "డిక్కీ వరండావైపు ఉండేలా వెనక్కి ఎక్కించండి. ఈ బస్తాలు షెడ్డు చుట్టూ తిప్పి మోయలేను" అన్నాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నిజాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టడం అంతే.

నేను దిగి ర్యాంపు పక్కన నిలబడ్డాను. మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. మా ఆయన చెయ్యి పక్క సీటు మీద వేసి, మెడ వెనక్కి తిప్పి, ఠీవిగా రివర్సు మొదలుపెట్టాడు. బండి మూలుగుతూ ఎక్కింది. సగానికి వచ్చింది. గుటుక్కుమంది.

బండి మెల్లగా కిందికి జారి, బ్రేకు పడి, ఆగింది. అద్దంలోంచి డాష్‌బోర్డు మీద పసుపు దీపం కనబడింది. దాని వెనక మా ఆయన మొహం.

మామగారు పేపరు దించారు. లేచి నిలబడ్డారు.

"క్లచ్ మెల్లగా వదలాలిరా" అన్నారు.

మా ఆయన దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని, చివరికి, "నేను మెల్లగానే వదిలాను నాన్నా" అన్నాడు. ఆ వాక్యం నోట్లోంచి బయటికి వచ్చాక, అది ఇంతకు ముందు ఎవరి నోట్లోంచి వచ్చేదో అతనికి గుర్తొచ్చినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

డాక్టరుకి నేనే ఫోన్ చేశాను. వెనక్కి ఎక్కేటప్పుడు, బరువున్నప్పుడు మాత్రమే అని చెప్పాను.

"ఎవరు కనిపెట్టారక్కా?"

"వంటగది కిటికీ."

"కిటికీకి నా దండాలని చెప్పండి" అని, ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఈసారి కోడ్ల డబ్బాతో కాదు, బావమరిది దగ్గర అడిగి తెచ్చిన ఇంకో పెట్టెతో. చిన్న టీవీలా తెర ఉంది దానికి. కారుని ముందుకే నడిపి షెడ్డులో పెట్టించి, బానెట్ ఎత్తాడు. ఇంజను వెనకభాగంలో లోతుగా చెయ్యి పెట్టి, సెన్సరు వైర్లకి తన తీగలు తగిలించాడు. మామగారు కొంచెం దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, ఆసుపత్రిలో తమ రిపోర్టు ఎవరో చదువుతున్నప్పుడు మనుషులు నిలబడినట్టు.

"స్టార్ట్ చేయండి సార్" అన్నాడు డాక్టరు. మా ఆయన లోపల కూర్చుని తాళం తిప్పాడు.

తెర మీద అలలు పుట్టాయి.

చిన్న చిన్న కొండల్లా, ఒకే ఎత్తులో, ఒకదాని వెనక ఒకటి. కొన్ని వెళ్ళాక మధ్యలో ఒక ఖాళీ. మళ్ళీ కొండల వరస, మళ్ళీ ఖాళీ.

"ఇదేంటి?" అన్నాను.

"ఈ అలలు గీస్తున్నదే మీ సెన్సరు. లోపల ఇంజనుతో పాటు తిరిగే చక్రం ఉంటుందక్కా, రంపంలా చుట్టూ పళ్ళు. ఇది దాని పక్కనే కూర్చుని, ఒక్కో పన్ను పోతుంటే ఒక్కో అల వేస్తుంది."

"పళ్ళకి తగులుతుందా?"

"తగిలితే అరిగిపోదూ? గోరు మందం దూరంలో కూర్చుంటుంది. తాకదు. ఊరికే అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. అంతే."

అయస్కాంతం, తీగచుట్ట. ఆ రెండు మాటలు వినగానే నా లోపల ఎక్కడో బీరువా తలుపు తెరుచుకున్నట్టయింది. విద్యుదయస్కాంత ప్రేరణ. పరీక్షలో తప్పకుండా వచ్చే పెద్ద ప్రశ్న. నేను దాన్ని పటంతో సహా బట్టీ పట్టాను, మార్కులు తెచ్చుకున్నాను, అక్కడే వదిలేసి పెళ్ళి చేసుకున్నాను. అది కాగితం మీద బాణం గుర్తుల విషయమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ, నేను కూరగాయలకి వెళ్ళినప్పుడూ, పురిటికి వెళ్ళినప్పుడూ, అలిగి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడూ, అది నా కాళ్ళకి మూరెడు దూరంలో నూనె చీకట్లో కూర్చుని, దేన్నీ తాకకుండా, ఒక్క పన్నూ వదలకుండా లెక్కపెడుతూనే ఉంది.

"మరి మధ్యలో ఆ ఖాళీ?"

"అక్కడ పళ్ళుండవు. కావాలనే తీసేస్తారు."

"ఎందుకు?"

"అన్ని పళ్ళూ ఒకేలా ఉంటే చక్రం ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? బోసి చోటొస్తే, ఓహో, ఇక్కడున్నామన్నమాట అని తెలుసుకుంటుంది. అప్పుడు ఏ సిలిండర్లో ఎప్పుడు నిప్పు వెయ్యాలో చెప్తుంది. ఇంజనుకి ఇదే కళ్ళు."

లేని పన్ను గుర్తుతో ఉన్నచోటు తెలుసుకోవడం. మళ్ళీ ఆ ఖాళీ ఎప్పుడొస్తుందా అని తెరకేసి చూస్తూ ఉండిపోయాను. మా ఆయన లోపల్నుంచి, "ఏం కనబడుతోంది?" అని అడిగాడు. "తర్వాత చెప్తాను" అన్నాను. అప్పుడే చెప్తే ఆ మాటల సందున అలలు పోతాయేమో అనిపించింది.

ఎప్పుడు వచ్చారో, మామగారు నా పక్కన నిలబడి ఉన్నారు. తెరకేసి కాకుండా ఇంజనుకేసి చూస్తున్నారు.

"ఇప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు తొక్కి, రివర్సు గేరు వేసి, క్లచ్ కొద్దికొద్దిగా వదలండి సార్" అన్నాడు డాక్టరు. "బండి కదలకూడదు. కానీ కదలాలని ఇంజనుకి అనిపించాలి."

మా ఆయన వదిలాడు.

ఇంజను మా వైపు ఒరిగింది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అంత ఇనుము, బోల్టులు వేసి బిగించిన ముద్ద, కొండలా కదలదనుకున్నది, నిద్రలో ఏనుగు పక్కకి ఒత్తిగిల్లినట్టు మెల్లగా లేచి, ముందుకి వాలి, అలాగే బిగబట్టుకుని వణికింది. బండి మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదలలేదు.

"భయపడకండక్కా. రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ముందుకి పోవాలంటే వెనక్కి వాలుతుంది, వెనక్కి పోవాలంటే ముందుకి. ప్రతి బండీ అంతే."

ఇన్నేళ్ళూ మా ముందు సీట్ల ముందర, ఆ రేకు కింద, ఇది ప్రతి మలుపుకీ ప్రతి ఎత్తుకీ ఇలా ఒళ్ళు విరుచుకుంటూనే ఉందా? ఒక్కరికీ తెలియకుండా? నాకు దాన్ని తాకాలనిపించింది. తాకే ధైర్యం లేకపోయింది.

"ఇంకొంచెం వదలండి" అన్నాడు డాక్టరు.

ఇంజను ఇంకొంచెం ముందుకి వాలింది. తెర మీద కొండలు ఒక్కసారిగా మాయమై, సన్నటి గీత మిగిలింది. గుటుక్కు.

డాక్టరు స్టెతస్కోపు తీసి బానెట్ అంచు మీద పెట్టాడు. "సెన్సరు కాదు" అన్నాడు నెమ్మదిగా. "రెండుసార్లు కళ్ళు మార్చాను నేను. తెగింది నరం."

చెయ్యి లోపలికి పెట్టి, సెన్సరు దగ్గర్నుంచి వైరు పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు. జానెడు దూరంలో ఆగాడు. టార్చి వేసి చూశాడు. ఆ వైరు, ఇంజను వెనకున్న రేకు గోడ మీది ఇనప గొట్టానికి నల్లటి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టి ఉంది. ఇంజను ముందుకి వాలితే వైరు కూడా దానితో రావాలి. రానివ్వకుండా పట్టీ గొట్టం దగ్గర పట్టుకుని ఉంది. లాగి లాగి, పైన తొడుగు అలాగే ఉన్నా లోపల రాగి పోగులు తెగాయి. మామూలప్పుడు ఆ కొసలు ఒకదానికొకటి ఆనుకుని పని జరిపిస్తున్నాయి. రివర్సులో ఇంజను గట్టిగా వాలితే విడిపోతున్నాయి.

"రెండుసార్లు దీని పక్కనే చెయ్యి పెట్టాను" అన్నాడు డాక్టరు. "ఇంత పొందిగ్గా ఉంటే కంపెనీలో కట్టిందే అనుకున్నా. బయట మెకానిక్కులెవరూ ఇంత నీటుగా కట్టరు. మేం కడితే తెలిసిపోతుంది."

నేను తొంగి చూశాను. పట్టీ కొస కత్తిరించి, గుచ్చుకోకుండా అగ్గిపుల్లతో కాల్చి, గుండ్రంగా నొక్కి ఉంది.

మా టీవీ వెనక ఉన్న పట్టీల కొసలు అలాగే ఉంటాయి. ఫ్రిజ్ వెనక, మిక్సీ దగ్గర, కంప్యూటరు బల్ల కింద, గీజరు పైన అన్నీ అలాగే ఉంటాయి. మా ఇంట్లో వైరు వేలాడడం నిషిద్ధం. "వేలాడే వైరు వేటు వేస్తుంది" అన్నది మామగారు కొడుక్కి అక్షరాల కంటే ముందు నేర్పిన పాఠం. కొడుకు తండ్రిని మించి, కొత్తగా పెళ్ళయిన రోజుల్లో నా జడ కూడా కొసన గుండ్రంగా ముడి వేసుకోమనేవాడు.

నేను పక్కకి తప్పుకున్నాను. కొన్ని విషయాలు ఎవరికి వారే చదువుకోవాలి. మా ఆయన దిగి వచ్చి, టార్చి వెలుగులోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"బ్యాటరీ మార్చినప్పుడు..." అన్నాడు. "వేలాడుతోంది. కట్టాను."

"మీరా సార్?" డాక్టరు మొహంలో వృత్తిపరమైన గౌరవం కనబడింది. "పని మాత్రం కంపెనీ పనే."

మద్దెల నిజంగానే ఓడు. చిల్లు పెట్టిన చెయ్యి కూడా దొరికింది. ఇప్పుడు మామగారు ఏమంటారా అని అందరం చూశాం. ఎన్ని రోజుల మౌనం, ఎన్ని టాబ్లెట్లు, ఎన్నిసార్లు గ్యాసు దగ్గరికి నడక. తిట్టడానికి ఆయనకి హక్కుంది. నేనైతే సామెతలు వెతికి పెట్టుకుని ఉండేదాన్ని.

ఆయన ముందుకి వంగి, తెగిన వైరుని రెండు వేళ్ళతో పట్టుకున్నారు. పట్టుకున్న తీరు వేరు. దశాబ్దాల తర్వాత ఆ వేళ్ళు తమ పనిలోకి వెళ్ళాయి.

"తప్పు నాదేరా" అన్నారు.

"మీదేంటి నాన్నా?"

"నీకు ఇంట్లో వైర్లే నేర్పాను. స్తంభాల మీద తీగలు నేర్పలేదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగకి బొజ్జ ఉండాలి. కొత్తవాళ్ళు అందంగా ఉంటుందని బిగించి కడతారు. చలికి తీగ కుంచించుకుంటుంది. తెల్లారేసరికి తెగి కింద పడి ఉంటుంది. కదలని చోట బిగించాలి, కదిలే చోట వదలాలి. నీకు సగమే చెప్పాను."

మా ఆయన కత్తెర తీసుకొచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తిరిగి కొడుక్కే ఇచ్చారు. "నువ్వు కట్టావు. నువ్వే తియ్యి."

పట్టీ తెగింది. డాక్టరు చెడిన ముక్క తీసి కొత్త వైరు అతికాడు. మామగారు పక్కనే నిలబడి, "ఇంకొంచెం. ఇంకొంచెం బొజ్జ పెట్టు. అమ్మాయి చిక్కుడుతీగ పాకించినట్టు" అంటూ చెప్పారు. చివరికి ఆ వైరు ఇంజను పక్కన నిశ్చింతగా వేలాడింది. మా ఇంటి సరిహద్దుల్లో చట్టబద్ధంగా వేలాడిన మొదటి వైరు అదే.

పాత బళ్ళు కొనేవాడికి మా ఆయన రావద్దని ఫోన్ చేశాడు. తర్వాత కారుకున్న తాళం తీసి, మేకుకి తగిలించకుండా, తండ్రి ముందు చెయ్యి చాపాడు.

మామగారు తీసుకోలేదు. "నువ్వే ఒకసారి ఎక్కించి చూడరాదూ?" అన్నారు. వైరు తెగిందని కళ్ళతో చూసినా, తన లోపల తెగిందేమోనన్న అనుమానం ఇంకా వదల్లేదు ఆయన్ని. అది మా అందరికీ అర్థమైంది. దానికి ఏ పెట్టె తగిలించాలో డాక్టరుకి కూడా తెలియదు.

అప్పుడు లోపలి నుంచి గోడ పట్టుకుంటూ అత్తగారు వచ్చారు. చంకలో కొలను సంచీ ఉంది. ఎవరినీ చూడకుండా కారు వెనక తలుపు తీసి, కూర్చుని, తలుపు వేసుకున్నారు. కిటికీ దించి, "ఏమండీ, నా నీళ్ళు వేడెక్కిపోతాయి" అన్నారు.

"చల్లగా ఉంటున్నాయన్నావుగా?"

"అప్పుడు చల్లగా ఉన్నాయి. ఇప్పుడు కాదు. ఇంకో మాట. నేనెక్కితే బండి ఆగుతోందని ఇక్కడెవరో అనుకుంటున్నట్టు విన్నాను. వాళ్ళ సంగతి వచ్చాక చూస్తాను."

నేను డాక్టరుకేసి చూశాను. అతను తన స్టెతస్కోపుకేసి చూసుకున్నాడు.

మామగారు తాళం తీసుకున్నారు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి మేమందరం వంటగదిలో ఉన్నాం. మా ఆయన కాఫీ కలపడానికి వచ్చాడట. డాక్టరు చేతులు కడుక్కోవడానికి వచ్చాడట. ఎవరి సాకు వాళ్ళది. కిటికీ ఒక్కటే.

గేటు ముందు కారు ఆగింది. తిరిగింది. వెనక్కి మొదలైంది. వెనక సీట్లో అత్తగారు తడితలతో, నిటారుగా, దిగే ఉద్దేశం ఏ కోశానా లేకుండా కూర్చుని ఉన్నారు. సగానికి వచ్చింది. నాకు ఇప్పుడు బానెట్ రేకు అడ్డం కాదు. దాని కింద ఆ ఇనుము మెల్లగా ముందుకి ఒరగడం, దానితో పాటు వైరు తన బొజ్జలోంచి కొంచెం ఇచ్చుకుని సాగడం, చీకట్లో ఆ చిన్న సెన్సరు ఒక్కో పన్నూ లెక్కపెట్టుకుంటూ, బోసి చోటు రాగానే ఇక్కడున్నామన్నమాట అనుకోవడం, అన్నీ కనబడుతున్నాయి. పక్కన మా ఆయన కాఫీ చెంచా పట్టుకునే కిటికీలోకి వంగాడు.

బండి మూలుగుతూ ఎక్కింది. ఎక్కేసింది. మొహం వీధివైపు పెట్టి నిలబడింది.

కాసేపటికి మామగారు లోపలికి వచ్చారు. మేకు పక్కనుంచే నడిచి, అటు చూడకుండా, తాళం చొక్కా జేబులో వేసుకున్నారు. వంటగది గుమ్మంలో ఆగి నన్ను పిలిచారు.

"అమ్మాయ్."

"మామయ్యగారూ?"

"పొద్దున ఈ హడావిడిలో నేను టాబ్లెట్ వేసుకోలేదు" అన్నారు. "నాకు బాగా గుర్తు."